మెట్టున్నదా, గేరున్నదా

మాస్టారు పదిలంగా దాచుకున్న బండి బ్రోచర్‌ని అత్తగారు రెండు మడతలు పెట్టి పాలగిన్నె మీద మూతగా వెయ్యడంతో, నిన్న సగంలో ఆగిన గొడవ మళ్ళీ మొదలైంది.

"అమ్మా! అదేమన్నా మూతనుకున్నావా?"

"మూత కనపడలేదురా. ఈగ పడుతుందని వేశాను. అట్టలా గట్టిగా ఉంది, బాగానే పనికొచ్చింది."

"ఆవిరి పట్టి రంగంతా ఊడిపోయింది చూడు. సరిగ్గా కొండ మోడల్ బొమ్మే పోయింది!"

"పోతే పోయిందిలే. నాకు కావలసిన మూడోది చెక్కుచెదరలేదు."

మాస్టారు తడిసిన కాగితాన్ని ఫ్యాను కింద పరిచి, ఎగరకుండా మూలల మీద చెంచాలు పెట్టారు. కాలేజీలో క్లాసు క్లాసునంతా కనుసైగతో కూర్చోబెట్టే లెక్కల మాస్టారికి, ఇంట్లో వాళ్ళమ్మ ఒక్కతే కొరకరాని కొయ్య.

మాస్టారి భార్య డాక్టరమ్మ సోఫాలో కాలు చాపుకుని, మడమకి చుట్టిన కట్టు విప్పి మళ్ళీ చుట్టుకుంటోంది. పోయిన వారం కొండదారిలో వాగు దాటుతుంటే ఆమె పాత జీపు నీళ్ళ నడిమధ్యన ఆగిపోయి ఒక పక్కకి ఒరిగింది. ట్రాక్టరు వచ్చి లాగేదాకా ఆమె అందులోనే ఉండిపోయింది. మడమ వాచింది, ఫోను తడిసి చచ్చింది, జీపుని చూసిన మెకానిక్ పెదవి విరిచాడు. ఊరూరా తిరిగే పశువుల డాక్టరుకి బండి లేకపోతే కాళ్ళు లేనట్టే. అందుకే ఇప్పుడు ఇంట్లో ఎవరు నోరు విప్పినా కొత్త బండి మాటే వస్తోంది.

ఏ బండి కొనాలన్న దాని మీద గొడవ లేదు. వాగు నీళ్ళు ఆమె ఒంటి మీద ఆరకముందే ఆ సంగతి మాస్టారు తేల్చేశారు. గొడవంతా అందులో ఏ రకం అన్న దాని మీదే.

"ఇంకోసారి చెప్తాను, విను," అంటూ మాస్టారు బల్ల మీద మూడు స్టీలు గ్లాసులు వరసగా పెట్టారు. "ఇది మొదటి రకం. చక్రాలు, స్టీరింగు, గుడ్డ సీట్లు. అంతే. దీన్ని వదిలెయ్యి. ఇది రెండోది, కొండ మోడల్." ఆ గ్లాసులో ఒక చెంచా నిలబెట్టారు. "ఈ చెంచా ఏంటి?"

"చెంచా," అన్నారు అత్తగారు.

"రెండో గేరమ్మా! మామూలు గేరు రాడ్డు పక్కనే ఇంకో చిన్న రాడ్డు ఉంటుంది. దాన్ని వెనక్కి లాగితే నాలుగు చక్రాలూ మెల్లగా, ఏనుగంత బలంతో తిరుగుతాయి. బురదలో ఒక చక్రం ఊరికే గిర్రున తిరగకుండా లాక్ ఉంది. నీళ్ళలో దిగినా ఇంజిన్‌కి గాలి అందేలా పైదాకా గొట్టం ఉంది. కింద రబ్బరు. పేడ అంటినా పైపు పెట్టి కడిగేసుకోవచ్చు."

"మెట్టుందా?"

"మెట్టెందుకు?"

"ఎక్కడానికిరా. నా మోకాళ్ళు చూశావా? ఆ ఎత్తు ఎక్కాలంటే నన్ను క్రేను పెట్టి లేపాలి. మూడోదానికి మెట్టుంది. తలుపు తియ్యగానే దానంతటదే కిందికి దిగుతుందట. పైన అద్దం కప్పు, వెనక కూర్చున్నవాళ్ళకి చల్లగాలి, మెత్తటి తోలు సీట్లు. అన్నీ ఉన్నాయి దాంట్లో."

"అన్నీ ఉన్నాయి, అసలుదే లేదు. వెనక రెండు చక్రాలే తోస్తాయి. ముందు రెండూ వాటితోపాటు ఊరికే దొర్లుతాయి. ఆ బండి కొండ మొదట్లోనే కూలబడుతుంది."

"నీ పెళ్ళాం రోజూ వాగులో దిగుతుందా ఏంటి? ఏదో ఒకసారి దిగింది, గండం గడిచింది."

"అది తన ఉద్యోగం అమ్మా."

"నా మోకాళ్ళు మొయ్యడం నా ఉద్యోగం."

బండి ఇంకా షోరూం గుమ్మం దాటలేదు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ముందు సీట్లో ఎవరు కూర్చోవాలన్న దాకా వాదించుకున్నారు తల్లీ కొడుకులు. చివరికి, నడిపే మనిషి ఒకరున్నారని ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది.

"నువ్వు చెప్పు," అన్నారు మాస్టారు భార్య వైపు తిరిగి. "మెట్టున్నదా, గేరున్నదా?"

డాక్టరమ్మ కట్టు చివర ముడి వేసి, "మీ ఇష్టం," అంది.

"అద్గదీ! విన్నావా అమ్మా? నా ఇష్టమట. మధ్యాహ్నం షోరూంకి వెళ్ళి ఖాయం చేసేద్దాం."

మౌనం అర్ధాంగీకారం అంటారు. ఆ లెక్కన "మీ ఇష్టం" అంటే పూర్తి అంగీకారమని మాస్టారి లెక్క. పెళ్ళయిన కొత్తలో ఏ సినిమాకి వెళ్దామని అడిగితే ఆమె ముసిముసిగా నవ్వుతూ మీ ఇష్టం అనేది. అప్పుడు దానికి అర్థం, మీతో ఎక్కడికైనా సరే అని. తర్వాత గోడల రంగు దగ్గరా, పరుపుల దగ్గరా అదే మాట అంది. అప్పటికి అది, ఆలోచించే ఓపిక లేదు అన్న అర్థంలోకి దిగింది. ఈమధ్య ఆమె ఆ మాట అంటే, నన్ను వదిలెయ్యండి అని. మాట మారలేదు గనక అర్థం మారిన సంగతి ఆయనకి తెలియలేదు. తప్పంతా ఆయనదే అనడానికీ లేదు. పైకి అనని మాట ఎంత మంచి మొగుడికైనా ఎలా వినపడుతుంది?

నాలుగు రోజుల కిందట ఆమె జ్వరంతో దుప్పటి ముసుగు పెట్టుకున్నప్పుడు కూడా ఆయన గుమ్మంలో నిలబడి ఏదో అడిగారు. చివర్న "చెప్పెయ్యనా?" అన్నది మాత్రం చెవిన పడింది. బండి సంగతే అయి ఉంటుందనుకుని, మీ ఇష్టం అనేసి అటు తిరిగి పడుకుంది.

*

ఆమె మనసులో ఉన్నది వేరు. అది ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

వాగులో జీపు ఆగిపోయినప్పుడు ఆమెకి భయం వెయ్యలేదు. నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చి ఆగాయి. కాలు పెడల్ సందులో ఇరుక్కుంది. కేక వేసి ఎవరినన్నా పిలవాలని కూడా అనిపించలేదు. స్టీరింగు మీద తల ఆనించి నిద్రపోయింది. చుట్టూ నీళ్ళు పారుతుంటే, కాలు సలుపుతుంటే, నిద్ర! మెలకువ వచ్చాక తన మీద తనకే జాలేసింది. "ఇక నావల్ల కాదు" అని పైకే అంది. వినడానికి వెనక సీట్లో, ఆసుపత్రికని తీసుకొస్తున్న దూడ ఒక్కటే ఉంది.

మర్నాడు కుంటుకుంటూ వెళ్ళి పెద్ద డాక్టరుగారిని కలిసింది. ఆయన ఆమె పై అధికారి. టౌనులోని ల్యాబులో ఒక పోస్టు ఖాళీ అయింది. పశువుల రక్తం, పాలు తెచ్చి ఇస్తే పరీక్ష చేసి చెప్పే పని. ఫ్యాను కింద కుర్చీ, ముందు మైక్రోస్కోపు, సాయంత్రానికి ఇల్లు. కాలు వాగులో పెట్టక్కర్లేదు, చెయ్యి భుజం దాకా గేదె కడుపులో పెట్టక్కర్లేదు.

"అది నాకిప్పించండి సార్," అని అడిగింది. ఉద్యోగంలో చేరాక తన కోసం ఏదన్నా అడగడం అదే మొదలు.

పెద్ద డాక్టరుగారు కళ్ళజోడు తీసి ఆమెని ఎగాదిగా చూశారు. "మీరా? ల్యాబులోనా?" అని, కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, "సరే, కనుక్కుని ఫోన్ చేస్తాను," అన్నారు. తన ఫోను చచ్చింది గనక ఆమె మాస్టారి నంబరు ఇచ్చి వచ్చింది.

అప్పట్నించీ ఆ ఫోను కోసమే ఎదురుచూపు. మాస్టారి జేబులో ఫోను మోగితే చాలు, చెవులు రిక్కిస్తోంది. పిలుపు వచ్చాక అందరికీ చెప్పొచ్చు, రాకముందే చెప్పి రచ్చ చేసుకోవడం ఎందుకులే అనుకుంది. ఈలోపల బండి గొడవ వచ్చి పడింది. ల్యాబులో కూర్చునే మనిషికి రెండో గేరెందుకు, గాలి గొట్టమెందుకు? కొండ మోడల్ గనక ఇంటి ముందుకి వచ్చిందంటే, ఆ బండి అరిగేదాకా కొండెక్కాల్సిందే. ఇంత ముచ్చటపడి కొనిపెట్టిన మనిషితో, నేను ఊళ్ళోనే ఉంటానని ఏ ముఖం పెట్టుకుని అంటుంది?

పైగా ఆమె కొండెక్కడం ఆ ఇంటికి ఒక గొప్ప. మాస్టారు క్లాసులో లెక్క ఇస్తే, "ఒక డాక్టరు గంటకు ఇంత వేగంతో కొండెక్కుతుంటే" అనే మొదలుపెడతారు. వాగు సంగతైతే ఇక చెప్పక్కర్లేదు. ఇంట్లో మోకాళ్ళ లోతున్న నీళ్ళు, పక్కింటాయన దగ్గరికి వెళ్ళేసరికి తొడల దాకా లేచాయి. కాలేజీకి చేరేసరికి నడుం దాటాయి. ఆ వాగు పుట్టిన దగ్గర్నించీ దాంట్లో అన్ని నీళ్ళు ఎప్పుడూ లేవు.

"అమ్మాయ్, ఇలా వచ్చి బీన్స్ తరుగు. కూర్చునే తరుగులే," వంటింట్లోంచి అత్తగారు పిలిచారు.

ఆమె వెళ్ళి పీట మీద కాలు పెట్టుకుని కూర్చుంది.

"వాడి గోల వదిలెయ్యి. నీకేది కావాలో నాకు చెప్పు."

"ఏదైనా ఒకటే అత్తయ్యా."

"ఏదైనా ఒకటే అన్నారంటే ఏదీ వద్దని అర్థం. మీ మావగారు పోయినప్పుడు, ఏం తింటావమ్మా అని అందరూ అడిగేవారు. నేనూ ఇదే అన్నాను."

డాక్టరమ్మ చేతిలో కత్తి ఆగింది.

"నేను మెట్టు మెట్టు అని చావగొడుతున్నది నా మోకాళ్ళ కోసమే అనుకుంటున్నావు కదూ? మూడోది కొండెక్కదని వాడే అంటున్నాడుగా. ఎక్కకపోతే పోనీ, నువ్వు ఇంటిపట్టున ఉంటావు కదా అని నా ఏడుపు. నీ ముఖం అద్దంలో చూసుకుని ఎన్నాళ్ళైంది?"

ఆ ఒక్క మాటకి ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెప్పేద్దామనుకుంది. "అత్తయ్యా, నేనూ..." అంటూ నోరు తెరిచింది కూడా. హాల్లో ఫోను మోగింది. ఆమె చప్పున లేవబోయి, మడమ కలుక్కుమని మళ్ళీ కూలబడింది.

"ఆఁ, వస్తున్నామండీ! మధ్యాహ్నమే! కొండ మోడల్ ట్రయల్‌కి సిద్ధంగా ఉంచండి!" మాస్టారి గొంతు ఇల్లంతా మోగింది. షోరూం నుంచి ఫోను.

"ఎవరి ఫోను అనుకున్నావు?" అత్తగారు అడిగారు.

"ఎవరిదీ కాదు."

అత్తగారు పాలగిన్నె మీద అసలు మూత వేసి, పొయ్యి కట్టేశారు.

*

షోరూం నేల మీద కాలు పెడితే జారేలా ఉంది. లోపలంతా కొత్త రబ్బరు వాసన. టై కట్టుకున్న సేల్స్ ఆయన ఎదురొచ్చి, సార్ అని మాస్టారికి, మేడమ్ అని డాక్టరమ్మకి, అమ్మగారూ అని అత్తగారికి దండం పెట్టి, ముగ్గురిలో డబ్బు ఎవరి చేతిలో ఉందో తేల్చుకోలేక మధ్యలో నిలబడ్డాడు.

అత్తగారు నేరుగా మూడో రకం దగ్గరికి వెళ్ళి తలుపు లాగారు. మెట్టు చప్పుడు లేకుండా కిందికి దిగింది.

"చూశావురా? దండం పెట్టినట్టు ఎలా దిగిందో. నువ్వు కూడా నా ముందు ఇంత వంగలేదు ఎప్పుడూ."

ఎక్కి తోలు సీటులో కూర్చున్నారు. పైకి చూస్తే అద్దం కప్పులోంచి షోరూం దీపాలు కనపడుతున్నాయి. ఇక దిగరు. మాస్టారు బతిమాలి, సేల్స్ ఆయన బతిమాలి, ట్రయల్‌కి అది కాదమ్మగారూ, వెనక గ్రౌండులో ఉన్నదీ అని చెప్పి దింపేసరికి తలప్రాణం తోకకొచ్చింది.

షోరూం వెనక ఖాళీ స్థలంలో మట్టి పోసి ఒక గుట్ట కట్టారు. పక్కన నాలుగు దుంగలు అడ్డంగా వేశారు. చివర ఒక గుంట తవ్వి నీళ్ళు నింపారు. డాక్టరమ్మ దాన్ని చూసి నిట్టూర్చింది. ఊళ్ళో ఉన్నవాళ్ళు డబ్బిచ్చి కొండని తెచ్చుకుంటారు కాబోలు అనుకుంది.

ఆమె స్టీరింగు ముందు, మాస్టారు పక్కన. అత్తగారిని ఇద్దరూ పట్టి వెనక సీట్లోకి ఎక్కించారు. సేల్స్ ఆయన ఆవిడ పక్కన ఒదిగి కూర్చున్నాడు.

గుట్ట మొదట్లో బండి ఆపి, ఎవరూ చెప్పకముందే ఆమె ఎడమ చెయ్యి చిన్న గేరు మీదికి వెళ్ళి వెనక్కి లాగింది. బండి గర్జించలేదు, వణకలేదు. బరువు మోసే ఎద్దులా తల వంచి మెల్లగా గుట్ట ఎక్కింది. పైన ఒక క్షణం ఆకాశం తప్ప ఏమీ కనపడలేదు. తర్వాత అంతే మెల్లగా దిగింది.

బండి బాగుంది. చెయ్యి పెట్టగానే మాట వింటోంది. ఇలాంటిది చేతిలో ఉంటే ఏ వాగైనా దాటొచ్చని ఆమెకి తెలుస్తూనే ఉంది. అందుకే ఇంకా నీరసం వచ్చింది. బండి చెడ్డదైతే ఆ వంక మీదన్నా వద్దనేది.

"చూశారా?" మాస్టారు వెనక్కి తిరిగి సేల్స్ ఆయనతో అన్నారు. ఆయన ముఖం వెలిగిపోతోంది. "మా ఆవిడకి ఎవరూ నేర్పక్కర్లేదు. పోయిన వారం సంగతి చెప్పానా మీకు? వాగు మధ్యలో జీపు ఆగిపోయింది. ఛాతీ లోతు నీళ్ళండీ! ఛాతీ లోతు! మగాళ్ళే బెదిరిపోతారు. దూడని పట్టుకుని, ధైర్యంగా..."

బండి నీళ్ళ గుంటలోకి దిగింది. సరిగ్గా మధ్యలో డాక్టరమ్మ బ్రేకు వేసింది.

"మోకాళ్ళ లోతే," అంది.

"ఏంటి?"

"మోకాళ్ళ లోతు నీళ్ళు. ఛాతీ లోతు కాదు. ధైర్యంగా ఏం లేను. నిద్రపోయాను."

"సరేలే, మాటవరసకి అన్నాను..."

"ఈ చిన్న గేరు నాకక్కర్లేదండీ."

ఇంజిన్ తన మానాన తను తిరుగుతోంది.

"అక్కర్లేదంటే? పొద్దున్న నా ఇష్టం అన్నావుగా?"

"అన్నాను. ఇప్పుడు నా సంగతి చెప్తున్నాను. నేను ఇక కొండెక్కలేను. పెద్ద డాక్టరుగారిని ల్యాబు పోస్టు అడిగాను. వాగులో పడ్డ మర్నాడే వెళ్ళి అడిగాను. ఆయన ఫోన్ చేశాక మీకు చెప్దామనుకున్నాను. ఇంకా చెయ్యలేదు."

మాస్టారి ముఖంలో వెలుగు ఒక్కసారిగా పోయింది. కోపం వచ్చిందనుకుంది ఆమె. కోపం కాదు. ఏదో వెతుక్కుంటున్నట్టు ఆయన కళ్ళు అటూ ఇటూ తిరిగాయి.

"నువ్వు అడిగావా? నువ్వే అడిగావా ఆ పోస్టు?"

"అవును."

"నేను... వాళ్ళు నిన్ను పక్కన పెడుతున్నారనుకున్నాను."

"మీకెలా తెలుసు?"

"ఆయన ఫోన్ చేశారుగా."

ఆమె స్టీరింగుని రెండు చేతులా పట్టుకుంది. "ఎప్పుడు?"

"నీకు జ్వరం వచ్చిన రోజు సాయంత్రం. 'డాక్టరుగారికి ల్యాబు ఇవ్వొచ్చంటున్నారు, ఖాయమేనా, కనుక్కుని చెప్పండి' అన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళు కొండల్లో తిప్పుకుని, ఒక్కసారి జీపు ఒరిగేసరికి మూలన కూర్చోబెడతారా అనుకున్నాను."

"మీరేం చెప్పారు?"

"అక్కర్లేదన్నాను. మా ఆవిడ కొండ వదిలి రాదన్నాను."

"ఎవర్నడిగి?"

"నిన్నే అడిగాను!" మాస్టారి గొంతు లేచింది. "గుమ్మంలో నిలబడి అడిగాను. నిన్ను ల్యాబులో వేస్తారట, వద్దని చెప్పెయ్యనా అని అడిగాను. నువ్వేమన్నావు?"

ఆమె చూపు ముందు అద్దం మీదికి తిప్పుకుంది.

"చెప్పు, ఏమన్నావు?"

"మీ ఇష్టం అంది," వెనక సీట్లోంచి అత్తగారు అన్నారు. "నేను హాల్లోనే ఉన్నాను. నువ్వడిగింది నాకు వినపళ్ళేదు గానీ, దాని మాట వినపడింది."

సేల్స్ ఆయన దిగిపోదామని మెల్లగా తలుపు తెరిచి, కింద నీళ్ళు చూసి, అంత మెల్లగానూ మూసేసుకున్నాడు.

"జ్వరంతో ఉన్న మనిషిని అడగడమేంటండీ?"

"జ్వరం లేనప్పుడు మాత్రం వేరే మాట చెప్తావా? ఏది అడిగినా అదే మాట. వద్దు అని ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోయేది? నేనేమన్నా నిన్ను కొట్టేవాణ్ణా, తిట్టేవాణ్ణా?"

"అనేదాన్నే. మీరు వినేటట్టు ఉంటే అనేదాన్నే. మీకు కొండలంటే మురిపెం. దూరపు కొండలు నునుపండీ. ఒక్కసారైనా నాతో వచ్చారా? వస్తే తెలిసేది. తిరిగొచ్చాక కాళ్ళు కడుక్కోవడానికి కూడా ఓపిక ఉండదని తెలిసేది. మీరు క్లాసులో నా మీద లెక్కలు వేస్తారు. గంటకి ఎంత వేగమో అడుగుతారు గానీ, అలిసిపోయిందా అని ఏ లెక్కలోనూ అడగరు."

ఆ దెబ్బ మాస్టారికి తగలాల్సిన చోటే తగిలింది. తగిలాక ఆమెకే అయ్యో అనిపించింది, ఎందుకంటే ఆ మురిపెంలో కల్తీ లేదని ఆమెకి తెలుసు. నలుగురిలో పెళ్ళాం గురించి గొప్పగా చెప్పుకునే మొగుళ్ళు ఎంతమంది ఉంటారు?

"అయిందా ఇద్దరికీ?" అన్నారు అత్తగారు. "అడగందే అమ్మయినా పెట్టదంటారు. నేను అత్తని, వాడు మొగుడు. మేం ఎలా పెడతామే? ఇప్పుడైనా నోరు తెరిచి అడుగు. ఒరే, ఆ ఫోనివ్వు దానికి."

మాస్టారు జేబులోంచి ఫోను తీసి, ముఖం చూడకుండా అందించారు.

రెండుసార్లు మోగాక పెద్ద డాక్టరుగారు ఎత్తారు. "చెప్పండి మాస్టారూ."

"నేను సార్."

"ఓ, మీరా డాక్టరుగారూ! కాలెలా ఉంది? చాలా సంతోషమండీ. మీవారు చెప్పారు, కొండ వదలనన్నారట. నిజం చెప్పాలంటే నాకు బరువు దిగింది. మీరు కాదంటే ఆ పల్లెలకి వెళ్ళడానికి ఒక్కడూ ఒప్పుకోవడం లేదు. ల్యాబుకి ఇంకొకాయన పేరు రాసి పెట్టాను. రేపు పైకి పంపుతాను."

"ఇంకా పంపలేదా సార్?"

"పంపలేదు. ఎందుకు? పేరు మార్చమంటారా? మారిస్తే వస్తుందో రాదో నేను చెప్పలేను. కొండ సంగతి కూడా ఆలోచించండి. ఏం చేద్దామంటారు?"

"మీ ఇ..." అనేసింది. అలవాటైన నోరు. వెనకనుంచి అత్తగారు ఆమె భుజం మీద గట్టిగా వేళ్ళు దిగేలా పట్టుకున్నారు. డాక్టరమ్మ కళ్ళు మూసుకుంది. ఆ పల్లెల్లో ముఖాలు, పశువులు, రాత్రుళ్ళు తలుపు తట్టే చేతులు అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. వాటి మీద ప్రేమ పోలేదు. ఒంట్లో సత్తువే పోయింది.

"నాకు ల్యాబు కావాలి సార్," అంది. "నా పేరే పంపండి."

"సరే," అన్నారాయన. సంతోషంగా అనలేదు. "పంపుతాను. చూద్దాం."

ఆమె ఫోను తిరిగి ఇచ్చింది. ఆయన ఫోను జేబులో పెట్టుకుని, అద్దంలోంచి బయటికి చూడసాగారు. ఆ జేబులోంచి పాల మరకలున్న బ్రోచర్ మూల ఒకటి బయటికి పొడుచుకొచ్చి ఉంది.

గుంటలోంచి బయటపడాలంటే చిన్న గేరు వాడక తప్పలేదు. నీళ్ళు చక్రాల మీంచి జారిపోయాయి. బండి ఏ శ్రమా లేకుండా గట్టెక్కి, షోరూం వెనక గుమ్మం ముందు ఆగింది. సేల్స్ ఆయన బతికాను బాబోయ్ అన్నట్టు దిగి, టై సర్దుకుని, మళ్ళీ నవ్వు ముఖం పెట్టుకుని కిటికీ దగ్గరికి వచ్చాడు.

"మరి ఏ రకం ఖాయం చెయ్యమంటారు సార్? చిన్న గేరున్నదా, మెట్టున్నదా?"

"ఆవిణ్ణి అడగండి," అన్నారు మాస్టారు, తల తిప్పకుండా.

"మేడమ్?"

ల్యాబు వస్తే మెట్టున్నది చాలు. రాకపోతే గేరు లేని బండితో కొండ కింద నిలబడాలి. ఆ సంగతి బండిలో ఉన్న ముగ్గురికీ తెలుసు. డాక్టరమ్మ భర్త వైపు తిరిగింది. ఈసారి తప్పించుకోవడానికి కాదు, నిజంగా ఆయన మాట వినాలనే అడిగింది.

"ఏమండీ. మీరేమంటారు?"

మాస్టారు గుంటలో ఇంకా కదులుతున్న నీళ్ళ వంకే చూస్తూ అన్నారు.

"నీ ఇష్టం."

"సార్ ఒప్పేసుకున్నారు మేడమ్!" సేల్స్ ఆయన ముఖం వికసించింది. "ఇక మీరు చెప్పడమే తరువాయి."

డాక్టరమ్మ ఇంజిన్ ఆపేసింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆ మాట ఆయన నోట వినడం ఆమెకి అదే మొదలు. దానికి అర్థమేంటో ఆమెకి తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది?